కిన్‌గైట్ కాగితాలు



ఏటా జరిగే ఈ స్మారక సభలో మన బొమ్మల గురించి, మన చిత్రకారుల గురించి మాట్లాడటం ఆనవాయితీ. ఈసారి చాలా దూరపు ఊరి గురించి మాట్లాడతానంటే నిర్వాహకులు పెద్ద మనసుతో ఒప్పుకున్నారు. ఆ ఊరు కిన్‌గైట్. కెనడా ఉత్తరాన నునావుట్ ప్రాంతంలో, బాఫిన్ దీవి నైరుతి కొసను ఆనుకుని ఉన్న ఒక చిన్న దీవి మీద ఉంటుంది. జనం సుమారు 1,400 మంది, దాదాపు అందరూ ఇన్యూట్‌లే. 2020 దాకా పటాల్లో ఆ ఊరి పేరు కేప్ డోర్సెట్. ఊరివాళ్లు ఓట్లు వేసుకుని, తాము ఇంట్లో పిలుచుకునే పేరునే అధికారికంగా తెచ్చుకున్నారు.

మన దగ్గర ఒక మాదిరి గ్రామ పంచాయతీకి ఉండేంత జనం. అందులోంచి వెనిస్ బియెన్నాలేకు, జర్మనీలోని డాక్యుమెంటాకు, ఒట్టావాలోని నేషనల్ గ్యాలరీకి వెళ్లిన చిత్రకారులున్నారు. ఒక తపాలా బిళ్ల మీద, ఒక పది డాలర్ల నోటు మీద ఆ ఊరి బొమ్మలున్నాయి. ఇది ఎలా జరిగిందని అడిగితే రెండు జవాబులు వినిపిస్తాయి. ఇది వేల ఏళ్లుగా మంచులో చెక్కుచెదరకుండా నిలిచిన ప్రాచీన కళ అన్నది ఒకటి. బయటినుంచి ఒకాయన వచ్చి నేర్పాడు, వాళ్లు నేర్చుకున్నారు అన్నది రెండోది. నేను రెండూ ఒప్పుకోను. బతుకు తలకిందులైన ఒక తరం, చేతికందిన కాగితాన్ని కూలిగానూ జ్ఞాపకంగానూ మార్చుకున్న కథ అది. ఆ కథలో అన్నిటికన్నా పెద్ద పాత్ర ఒక సహకార సంఘానిది. అమ్ముడుపోయే బొమ్మలతో పాటు అమ్ముడుపోని బొమ్మలను కూడా డబ్బిచ్చి కొని దాచిన సంఘం అది. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది దాని గురించే.

నేను అక్కడికి వెళ్లింది ఏప్రిల్‌లో. మన దగ్గర మామిడికాయలు దిగే రోజులు. అక్కడ సముద్రం ఇంకా గడ్డకట్టే ఉంది. నునావుట్‌లో 25 ఊళ్లున్నాయి. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి రోడ్డు లేదు. ఒట్టావా నుంచి ఉత్తరంగా మూడు గంటలు ఎగిరితే రాజధాని ఇకాలూయిట్ వస్తుంది, అక్కడినుంచి చిన్న పంకాల విమానంలో పడమరగా గంటకు పైగా ప్రయాణం. వాతావరణం ఒప్పుకుంటేనే అది కదులుతుంది. కిన్‌గైట్ నిజానికి ఆర్కిటిక్ వృత్తానికి కొంచెం దక్షిణానే ఉంది, అర్ధరాత్రి సూర్యుడు అక్కడ కనిపించడు. కానీ చెట్టన్నది లేదు. గుండ్రంగా అరిగిపోయిన పాత రాతి కొండలు, వాటి నడుమ మంచు, కింద ఎప్పటికీ కరగని నేల. ఆ నేలలో పునాది తవ్వడం కుదరదు కాబట్టి ఇళ్లన్నీ కాళ్ల మీద నిలబెట్టి కట్టినవి. గొట్టాలు వేయలేరు కాబట్టి మంచినీళ్లు లారీలో వస్తాయి, వాడిన నీళ్లు ఇంకో లారీలో పోతాయి. బరువైన సరుకంతా వేసవిలో, మంచు విడిపోయాక, ఓడలోనే రావాలి. కొట్లో కూరగాయల ధరలు చూస్తే గుండె ఝల్లుమంటుంది.

ఆ ఊళ్లో దిగినవాడికి మొదట వినిపించేది రాయి కోసే మిషను రొద. ఇళ్ల పక్కన, చలిలోనే, బల్ల మీద రాయి పెట్టుకుని, ముఖానికి ముసుగు కట్టుకుని శిల్పులు పని చేస్తుంటారు. చుట్టూ మంచు మీద రాతి పొడి పేరుకుని ఉంటుంది. ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు, అది వాళ్లకూ తెలుసు. లోపల ఇల్లు చిన్నది, అందులో మనుషులు ఎక్కువ, కాబట్టి పని బయటే. దూరపు కయ్యల నుంచి పడవల మీద తెచ్చే ఆకుపచ్చ సర్పెంటైన్ రాయి ఇక్కడి శిల్పాలకు పేరు తెచ్చింది. అంత బరువు రాయిని పడవలో వేసుకుని ఆ చల్లటి సముద్రం దాటడం ప్రాణాలతో చెలగాటం. గాజు అద్దాల వెనుక ఒంటికాలి మీద నాట్యమాడే ఎలుగుబంటిని చూసి ముచ్చటపడే మనం ఈ రొదను, ఈ పొడిని, ఆ పడవను కూడా కలిపి చూడాలి. కళ ఇక్కడ జీతం. దాన్ని చిన్నచూపుగా చెప్పడం లేదు, దాని గౌరవం అదే అని చెబుతున్నాను.

ఊరి చరిత్ర కొంచెం చెప్పాలి. మనుషులు ఇక్కడ చాలా కాలంగా ఉన్నారు. ఇన్యూట్‌ల పూర్వీకులైన థూలే ప్రజలు వెయ్యేళ్ల క్రితం కట్టుకున్న ఇళ్ల పునాదులు పక్కనే ఉన్న మల్లిక్‌జువాక్ దీవిలో ఇప్పటికీ కనిపిస్తాయి. వేసవిలో సముద్రం వెనక్కి తగ్గినప్పుడు అక్కడికి నడిచే వెళ్లవచ్చు. నేను మంచు మీదుగా వెళ్లాను. వాళ్లకన్నా ముందున్నవాళ్లను ఇన్యూట్ కథలు తునీట్ అంటాయి. ఈ ఊరి చుట్టుపక్కల దొరికిన వస్తువులను చూసే 1925లో డయమండ్ జెన్నెస్ అనే మానవశాస్త్రవేత్త ఆ పాత సంస్కృతిని విడిగా గుర్తించి, దానికి డోర్సెట్ సంస్కృతి అని పేరు పెట్టాడు. బొటనవేలంత దంతపు ఎలుగుబంట్లు, ముఖాలు చెక్కిన జనం వాళ్లు. కాబట్టి చెక్కడం ఇక్కడ పాతదే. అయితే ఇప్పటి శిల్పులు ఆ పాతవాళ్ల వారసత్వాన్ని నేరుగా అందుకున్నారనడం మాత్రం సరికాదు. వీళ్లు వేరు, వాళ్లు వేరు.

1913లో హడ్సన్స్ బే కంపెనీ ఇక్కడ కొట్టు తెరిచింది. తెల్ల నక్క తోలు తెస్తే తుపాకీ, టీ, పిండి ఇచ్చేది. జనం మాత్రం సముద్రపు ఒడ్డున చిన్న చిన్న బిడారులుగానే ఉండేవారు. తర్వాత తోలు ధర పడిపోయింది. 1947లో కంపెనీ సరుకులు తెచ్చే నాస్కోపీ అనే ఓడ ఈ ఊరి దగ్గరే రాతికి కొట్టుకుని మునిగింది. చెట్లు లేని చోట ఆ ఓడ చెక్క ఎంత విలువైనదో ఊహించండి. జనం దాన్ని విప్పి తెచ్చుకుని ఇళ్లకు వాడుకున్నారు. పీటర్ పిట్సెయోలాక్ అనే ఆయన దాని ఫొటోలు కూడా తీశాడు. 1940ల్లోనే కెమెరా పట్టిన ఇన్యూట్ ఆయన. భార్య అగ్గియోక్‌తో కలిసి ఫిల్ములు తామే కడుక్కునేవారు. అప్పటి బిడారు జీవితం ఎలా ఉండేదో ఆయన ఫొటోల్లో చూడవచ్చు.

ఆ తర్వాత క్షయ వచ్చింది. ప్రభుత్వ వైద్య నౌక వచ్చి, ఎక్స్‌రే తీసి, జబ్బు కనిపిస్తే అక్కడికక్కడే ఓడలో ఉంచుకుని దక్షిణాదికి తీసుకుపోయేది. 1950ల నడుమ ఇన్యూట్ జనంలో ఏడుగురికి ఒకరు దక్షిణాది ఆసుపత్రుల్లో ఉన్నారు. చాలామంది తిరిగి రాలేదు. ఎక్కడ పాతిపెట్టారో ఇంటివాళ్లకు తెలియకుండా పోయినవాళ్లున్నారు. 2019లో కెనడా ప్రధాని ఇకాలూయిట్ వచ్చి దీనికి క్షమాపణ చెప్పాడు. ఇన్యూట్‌ల పేర్లు అధికారులకు పలకడం రాక, 1941 నుంచి ఒక్కొక్కరికీ నంబరు చెక్కిన బిళ్ల ఇచ్చి, దాంతోనే గుర్తించిన కాలం అది. పిల్లలను బడి పేరుతో తల్లిదండ్రుల దగ్గర్నుంచి తీసుకుపోయారు. బిడారులు ఖాళీ అయి, జనం ఊరికి చేరారు. లాగుడు కుక్కలను పోలీసులు కాల్చి చంపారు. కుక్క లేకపోతే వేట లేదు, వేట లేకపోతే తిండికి చేయి చాచాలి. బొమ్మలు పుట్టింది సరిగ్గా ఈ కష్టకాలంలో. ప్రశాంతమైన, కాలం ఆగిపోయిన చోట పుట్టలేదు.

జేమ్స్ హ్యూస్టన్ అనే యువ చిత్రకారుడు 1948లో హడ్సన్ అఖాతం తూర్పు తీరానికి వచ్చి, అక్కడివాళ్లు చెక్కిన చిన్న శిల్పాలు చూసి ఆశ్చర్యపోయాడు. మరుసటి ఏడు మాంట్రియల్‌లో వాటిని అమ్మకానికి పెడితే చూస్తుండగానే అయిపోయాయి. 1951లో భార్య ఆల్మాతో కలిసి కిన్‌గైట్ వచ్చాడు. 1957లో ముద్రణ మొదలైన వైనం ఆయనే చెప్పాడు. ఒసుయితోక్ ఇపీలీ అనే శిల్పి ఒకే నావికుడి బొమ్మ అచ్చైన రెండు సిగరెట్ పెట్టెలు చూసి, ఇదే బొమ్మను మళ్లీ మళ్లీ వేస్తూ కూర్చోవడం ఎంత విసుగో అన్నాడట. ఎలా అచ్చవుతుందో చూపించడానికి హ్యూస్టన్ ఒసుయితోక్ చెక్కిన దంతానికే సిరా పూసి, పల్చటి కాగితం అద్ది, బొమ్మను తీశాడట. చెప్పడానికి బాగున్న కథ. ఈ కథ ఎన్నిసార్లు అచ్చయిందో గాని, అది చదివినవాళ్లకు ఒక విషయం కనిపించకుండా పోతుంది. ఆడవాళ్లు అప్పటికే తరాలుగా నలుపు, తెలుపు సీలు తోళ్లను బొమ్మలుగా కత్తిరించి, ఒకదానిలో ఒకటి పొదిగి కుడుతున్నారు. ఆకారం, ఖాళీ, రెండూ ఒకేసారి చూసే కన్ను వాళ్లకు ఉంది. ఆ ఊరి చిత్రకారిణి కెనోజువాక్ ఆషెవాక్ తొలి ప్రింటు, సముద్రపు నాచు తింటున్న కుందేలు బొమ్మ, ఆమె తోలు సంచి మీద వేసుకున్న నమూనా నుంచి వచ్చిందే. కాబట్టి హ్యూస్టన్ ఇచ్చింది కాగితం, సిరా, బజారుకు దారి. అవి చిన్నవి కావు, ఆయన రుణం ఆ ఊరు మరచిపోలేదు. కానీ బొమ్మ మాత్రం ఆయన ఇచ్చింది కాదు.

1958లో ఆయన జపాను వెళ్లి ఉనిచి హిరాత్సుకా దగ్గర చెక్క అచ్చు పద్ధతి నేర్చుకుని వచ్చాడు. గీసేవారు ఒకరు, చెక్కేవారు ఒకరు, అచ్చు తీసేవారు ఇంకొకరు అన్న పని విభజన అక్కడిదే. చెక్క లేని చోట చెక్కకు బదులు రాయి. 1959లో తొలి వార్షిక సంపుటి బయటికి వచ్చింది. అదే ఏడు వెస్ట్ బాఫిన్ ఎస్కిమో కోఆపరేటివ్ ఏర్పడింది. ఊరివాళ్లే దాని సభ్యులు, ఊరివాళ్లే యజమానులు. ఆరు దశాబ్దాలు దాటినా సంపుటి ఇప్పటికీ ఏటా శరదృతువులో వస్తుంది.

ముద్రణశాలలో నేను చూసినది కొంచెం నిదానంగా చెబుతాను, మన విద్యార్థులు చాలామంది ఇక్కడున్నారు కాబట్టి. రాయి బల్ల మీద పరచి ఉంటుంది. చిత్రకారిణి గీసిన బొమ్మను దాని మీదికి దించి, బొమ్మ కాని చోటంతా ఉలితో తవ్వి తీసేస్తారు. మిగిలిన ఎత్తు భాగానికి రోలరుతో సిరా. ఒకే రాయి మీద రెండు మూడు రంగులుంటే, ఒకదాని మీదికి ఇంకొకటి పాకకుండా కాగితం అడ్డుపెట్టి ఒక్కొక్కటే పూస్తారు. తర్వాత ఇద్దరు మనుషులు పల్చటి జపాను కాగితాన్ని రెండు కొసలా పట్టుకుని రాయి మీదికి వదులుతారు. యంత్రం లేదు. చేత్తోనే, చిన్న సాధనంతో కాగితం వెనుక రుద్దుతారు. ఎక్కడ ఎక్కువ నొక్కాలో, ఎక్కడ తేలిపోవాలో ఆ చేతికే తెలుసు. తీసిన కాగితాన్ని ఎత్తి చూస్తారు, ఒక్క మాట కూడా అనరు, పక్కన పెడతారు లేదా చింపేస్తారు. యాభై కాపీలయ్యాక రాతి మీది బొమ్మను చెరిపేస్తారు, మళ్లీ అచ్చు పడకుండా. కాగితం అంచున చిత్రకారిణి గుర్తు, చెక్కినవారి గుర్తు, సంఘం ముద్ర అయిన చిన్న ఎర్ర ఇగ్లూ ఉంటాయి. చెక్కినవారికి కూడా బొమ్మ మీద చోటివ్వడం నాకు ఎంతో గొప్పగా అనిపించింది. మన దగ్గర అద్దకం బట్ట మీద అచ్చు కొయ్య చెక్కినవాడి పేరు ఎప్పుడైనా చూశామా?

సంతకాలు చాలావరకు ఇనుక్టిటుట్ లిపిలో ఉంటాయి. మన గుణింతంలో అక్షరానికి తలకట్టో గుడో కొమ్మో చేరుతుంది. ఆ లిపిలో చేరేదేమీ ఉండదు, అక్షరాన్నే తిప్పుతారు. ఒకే ఆకారం పైకి చూస్తే ఒక అచ్చు, పక్కకు తిరిగితే ఇంకో అచ్చు. 1840 ప్రాంతంలో జేమ్స్ ఎవాన్స్ అనే మిషనరీ క్రీ భాష కోసం తయారు చేసిన ఈ పద్ధతి వెనుక సంక్షిప్త లేఖనంతో పాటు దేవనాగరి ప్రభావం కూడా ఉందని లిపి చరిత్రకారులు చెబుతారు. ఎక్కడి గుణింతం ఎక్కడ తేలిందో చూడండి. ఎడ్మండ్ పెక్ అనే మరో మిషనరీ దాన్ని బాఫిన్ దీవికి తెచ్చాడు. తల్లులే పిల్లలకు నేర్పుకుంటూ పోయారు.

కెనోజువాక్ గురించి చెప్పకుండా ఈ ఊరి మాట ముగియదు. 1927లో ఒక బిడారులో, ఇగ్లూలో పుట్టింది. చిన్నప్పుడే తండ్రి హత్యకు గురయ్యాడు. 1952లో క్షయతో క్యూబెక్ నగరపు ఆసుపత్రికి తీసుకుపోతే 1955 దాకా అక్కడే ఉంది. ఆ కాలంలో ఇంటి దగ్గర బిడ్డలు చనిపోయారు. ఆసుపత్రిలో తోలు బొమ్మలు, పూసల పని చేస్తూ గడిపింది. 1960లో ఆమె గీసిన ‘మంత్రపు గుడ్లగూబ’ రాతి అచ్చుగా వచ్చింది. 25 కాపీలు ఎరుపు నలుపుల్లో, 25 ఆకుపచ్చ నలుపుల్లో. పక్షి చుట్టూ ఈకలు కిరణాల్లాగా పరుచుకుని, కళ్లు మనవైపే. 1970లో ఆ బొమ్మ ఆరు సెంట్ల తపాలా బిళ్లయింది. 2018 వేలంలో ఒక కాపీ 2,16,000 డాలర్లు పలికింది. 2017లో కెనడా వేసిన ప్రత్యేక పది డాలర్ల నోటు మీద ఆమె గీసిన ఇంకో గుడ్లగూబ బొమ్మ ఉంది. 2013లో తన ఊళ్లోనే కన్నుమూసింది. కొత్త ముద్రణశాల, సాంస్కృతిక కేంద్రం 2018లో ఆమె పేరు మీదే తెరిచారు.

ఆ గుడ్లగూబను చూసి అంతా సంతోషం, వెలుగు అంటారు. నాకు కూడా అలాగే కనిపిస్తుంది. కానీ ఆ సంతోషం గీసిన మనిషి ఏం దాటి వచ్చిందో తెలిశాక, దాన్ని అమాయకత్వం అనడం అన్యాయం. ఆమె ఎంచుకుని గీసిన సంతోషం అది.

ఇంకొకామె పిట్సెయోలాక్ ఆషూనా. 1904 ప్రాంతంలో పుట్టింది. భర్త వేటగాడు, పిల్లలు చిన్నగా ఉండగానే పోయాడు. ఆకలి చూసింది. బొమ్మలకు డబ్బిస్తున్నారని విని, వయసు మళ్లాక పెన్సిలు పట్టింది. 1983లో చనిపోయేలోగా ఏడు వేలకు పైగా బొమ్మలు గీసింది. గుడారం ఎలా కుట్టాలి, కుక్కలను బండికి ఎలా కట్టాలి, పడవ తోలును ఎలా లాగాలి, పిల్లను మోసే కోటు టోపీ ఎంత లోతుండాలి, చేపల కోసం రాళ్ల కట్ట ఎలా వేయాలి, అన్నీ అందులో ఉన్నాయి. ఆ బొమ్మలను వరుసగా పెడితే బిడారు జీవితపు పాఠ్యపుస్తకం అవుతుంది. అందులో కొన్నే ప్రింట్లయ్యాయి. మిగతావి?

నా ఉపన్యాసంలో అసలు విషయం ఇక్కడుంది. 1960లో టెరీ రయన్ అనే యువకుడు వచ్చాడు, కొద్దికాలానికే సంఘం నిర్వహణ చేపట్టాడు. సంఘం చేసిన పని చాలా సాదాగా కనిపిస్తుంది. కాగితం, పెన్సిళ్లు ఇంటింటికీ, బిడారుకీ ఇచ్చింది. గీసి తెచ్చినవి కొంది. ప్రింటుకు పనికొచ్చేదా కాదా అన్నది తర్వాతి సంగతి. ముసలివాళ్లు తెచ్చినవి, చెయ్యి తిరగనివాళ్లు తెచ్చినవి, వేటగాళ్లు తెచ్చినవి, అన్నీ కొంది. పార్ అనే ఆయన జీవితమంతా వేటాడి, కాలు చలికి దెబ్బతిన్నాక, ఎప్పుడూ పెన్సిలు పట్టని చేత్తో గీసిన మొరటు మనుషుల వరుసలు ఇవాళ ప్రపంచం మెచ్చే బొమ్మలు. ఎంపిక చేసి కొనే సంఘమైతే అవి ఏనాడో పోయేవి. అలా పోగైన బొమ్మలు దాదాపు లక్ష. ఊళ్లో అగ్ని ప్రమాదానికి భయపడి 1990ల మొదట్లో వాటిని టొరంటో దగ్గరి క్లైన్‌బర్గ్‌లో ఉన్న మెక్‌మైకేల్ సంగ్రహాలయానికి దాచడానికి పంపారు. యాజమాన్యం మాత్రం సంఘానిదే. ఇప్పుడు వాటిని ఒక్కొక్కటే స్కాన్ చేసి ఊరివాళ్లకు చూపిస్తున్నారు. పద్నాలుగు వందల మంది ఊరికి లక్ష బొమ్మలు. ఇంత చిన్న ఊరు తన చేత్తో తనను తాను ఇంతగా రాసి పెట్టుకున్న ఉదాహరణ నాకు ఇంకొకటి తెలియదు.

ఎందుకు ఇది ముఖ్యమంటే, బయటివాళ్ల అభిరుచి వేరుగా ఉండేది. 1961 నుంచి 1989 దాకా దక్షిణాదిలో ఒక కళా మండలి కూర్చుని, ఏడాది సంపుటిలోకి ఏ ప్రింట్లు వెళ్లాలో ఆమోదించేది. కొనేవాళ్లకు ఎలుగుబంట్లు, పక్షులు, ఆత్మలు, సముద్రదేవత కావాలి. ఆ దేవతను ఈ ఊరివాళ్లు తలీలాయు అంటారు. ఆమె తెగిన వేళ్లే సీళ్లు, వాల్రస్‌లు అయ్యాయని కథ. మంచి బొమ్మలే, నాకూ ఇష్టమే. కానీ పుడ్లో పుడ్లాట్ విమానాలు గీశాడు. కస్తూరి ఎద్దు పక్కన విమానం, కొండ మీద హెలికాప్టరు, టెలిఫోను స్తంభాలు. తన ఊళ్లోకి వచ్చినవాటిని ఆయన గీశాడు, అంతే. నేషనల్ గ్యాలరీ 1990లో ఆయన బొమ్మలతోనే ప్రత్యేకంగా ఒక ప్రదర్శన పెట్టింది, ఒక ఇన్యూట్ చిత్రకారుడికి అలా పెట్టడం అదే మొదలు. పిట్సెయోలాక్ ఆషూనా కూతురు నపాచీ పూటూగూక్ 1990ల చివర్లో, పెద్దవాళ్లు ఎవరూ చెప్పని సంగతులు గీయడం మొదలుపెట్టింది. ఇష్టం లేని పెళ్లి, దెబ్బలు, కరువులో చావులు. అవి అమ్ముడుపోయే బొమ్మలు కావు. సంఘం కొంది. దాచింది.

నపాచీ కూతురు ఆనీ పూటూగూక్. 1969లో పుట్టిన ఆమెకు బిడారు తెలియదు. తెలిసిందల్లా ప్రభుత్వం కట్టిన ఇల్లు, టీవీ, ఫ్రిజ్, కొట్టు. ఆమె అవే గీసింది. నేల మీద అట్ట పరచుకుని సీలు మాంసం కోసుకు తింటున్న కుటుంబం, వెనుక టీవీలో అమెరికా కార్యక్రమం. కొట్లో గడ్డకట్టిన తిండి పెట్టే పెద్ద ఫ్రీజరు, దాని ముందు వంగి చూస్తున్న జనం. భార్యను కొడుతున్న భర్త. గోడ మీద ఎప్పుడూ ఒక గడియారం. గీతలు సూటిగా ఉంటాయి, నీడలు ఉండవు, ఎవరినీ నిందించవు, ఏదీ దాచవు. 2006లో కెనడాలో యువ చిత్రకారులకిచ్చే అతి పెద్ద పురస్కారం సోబీ ఆమెకు వచ్చింది. మరుసటి ఏడు డాక్యుమెంటాలో ఆమె బొమ్మలు వేలాడాయి. తర్వాత నగర జీవితం ఆమెను కాపాడలేదు. 2016లో ఒట్టావాలో, నదిలో ఆమె శవమై దొరికింది. వయసు 47. ఆ మరణం గురించి ఆలోచించినప్పుడల్లా నాకు కోపం వస్తుంది. బొమ్మను నెత్తిన పెట్టుకున్న నగరానికి ఆ బొమ్మ గీసిన మనిషి కనిపించలేదు.

అయినా దారి మూసుకుపోలేదు. పక్షులను, జంతువులను అంత శ్రద్ధగా చూసి గీసిన కనంగినాక్ పూటూగూక్ పోయాక, 2017లో, ఆయన బొమ్మలు వెనిస్‌కు వెళ్లాయి. ఇన్యూట్ చిత్రకారుల్లో ఆ ప్రదర్శనకు ఎంపికైన మొదటివాడు ఆయనే. ఆనీకి దగ్గరి బంధువు, పిట్సెయోలాక్ మనవరాలు షువినాయ్ ఆషూనా గీసే లోకాల్లో ఆక్టోపస్ చేతుల మనుషులు, గుడ్లలా పగిలే భూగోళాలు, మామూలు కోట్లు వేసుకుని నిలబడ్డ పొరుగువాళ్లు కలిసి ఉంటారు. 2022 వెనిస్ బియెన్నాలేలో ఆమెకు ప్రత్యేక ప్రశంస దక్కింది. ఇది ఇన్యూట్ కళేనా అని ఎవరో అడిగారట. ఇన్యూట్ స్త్రీ, తన ఊళ్లో, తన సంఘం ఇచ్చిన కాగితం మీద గీస్తే అది ఇంకెవరి కళ?

ఆర్కిటిక్ చూడాలని అనుకునే మిత్రులకు ఒక మాట. వెళ్లండి, బాగుంటుంది. ఊళ్లోవాళ్లు నవ్వుతూ పలకరిస్తారు, టీ ఇస్తారు. కానీ మంచు ఇల్లు, కుక్కల బండి, బొచ్చు కోటు ఫొటో కోసం వెళ్లకండి. మనుషుల ఫొటో తీసేముందు అడగండి. బొమ్మ కొంటే సంఘం దగ్గరో, గీసిన చేతినుంచో కొనండి. ఇన్యూట్ వస్తువుల మీద ఇగ్లూ గుర్తు ఉన్న చీటీ ఉంటుంది. 1950ల చివర్లో నకిలీలను ఆపడానికి పుట్టిన ఆ గుర్తు హక్కు 2017 నుంచి ఇన్యూట్ ఆర్ట్ ఫౌండేషన్ చేతిలో ఉంది. అంతదూరం వెళ్లలేనివాళ్లు విన్నిపెగ్‌కు వెళ్లినా చాలు. అక్కడ 2021లో తెరిచిన కౌమాజుక్ అనే సంగ్రహాలయంలో మూడంతస్తుల గాజు గది నిండా రాతి శిల్పాలున్నాయి.

ఇప్పుడు మన వైపు. కమలాదేవీ చటోపాధ్యాయ చొరవతో 1950ల్లోనే శ్రీకాళహస్తి కలంకారీకి ప్రభుత్వ శిక్షణ కేంద్రం వచ్చింది. అంటే కిన్‌గైట్ సంఘం పుట్టిన కాలమే. ఆ కేంద్రం వల్ల కలం బతికింది, చేతులు బతికాయి. అది చిన్న సాయం కాదు. నిమ్మలకుంట తోలుబొమ్మల వాళ్లు ఆట తగ్గిపోయాక దీపాల తొడుగులు చేసి బతుకుతున్నారు. చేర్యాల నకాషీలు కథ చెప్పే పటం నుంచి గోడకు తగిలించే బొమ్మకు మారారు. కొనేవాళ్లు అడిగింది చేయక తప్పదు, ఆ మార్పును నేను తప్పుపట్టను. నా బాధ వేరే. వీళ్లు బజారు కోసం కాకుండా, తమ కోసం, తమ ఇంట్లో జరిగినదాని గురించి గీసిన కాగితాలు ఎక్కడున్నాయి? అలాంటివి గీయడానికి వాళ్లకు ఎవరైనా కూలి ఇచ్చారా? రాముడి పట్టాభిషేకం గీసే చేయి, నిన్న తన వీధిలో ఎండిపోయిన బోరు దగ్గర జరిగిన గొడవను గీస్తే దాన్ని కొనేది ఎవరు?

కాబట్టి ఈ స్మారక నిధి నిర్వాహకులకు నా ప్రతిపాదన ఇది. ఏటా ఉపన్యాసానికి, శాలువాకు పెట్టే ఖర్చులో కొంత తగ్గించండి. ఒక్క ఊరు ఎంచుకోండి. శ్రీకాళహస్తి కావచ్చు, నిమ్మలకుంట కావచ్చు, చేర్యాల కావచ్చు. అక్కడి చేతిపనివాళ్లకు, వాళ్ల ఇళ్లలోని ఆడవాళ్లకు, పిల్లలకు, గీయగలిగినా గీయలేకపోయినా సరే, కాగితం, రంగులు ఇవ్వండి. ఏం గీయాలో చెప్పకండి. తెచ్చిన ప్రతి బొమ్మకూ అదే రోజు డబ్బివ్వండి, వెనుక పేరు, తేదీ, వాళ్లు చెప్పిన నాలుగు మాటలు రాయించండి. ఎంపిక కమిటీ వద్దు. బొమ్మల మీద హక్కు గీసినవాళ్లదే అని కాగితం మీద రాసివ్వండి. మనం కాపలాదారులం మాత్రమే. తేమ తగలని ఒక గది, కొన్ని ఇనుప బీరువాలు, లెక్క రాసే ఒక మనిషి చాలు, పదేళ్లు కదపకుండా నడపాలి. దీన్ని వచ్చే సర్వసభ్య సమావేశంలో చర్చకు పెట్టమని కోరుతున్నాను. మొదటి ఏడాది కాగితానికి, రంగులకు అయ్యే ఖర్చు నేను ఇస్తాను.